సంచీ పెట్టాక కూడా వెనక నుంచి జిగురు ఎందుకు వస్తుంది, మలద్వారం మూసేసినా దొడ్డికి వస్తున్నట్టు ఎందుకు అనిపిస్తుంది

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీ సంగతి క్లుప్తంగా చెప్తాను. మీది ఒడిశాలోని కాశీనగర్, వయసు 38, కిరాణా కొట్టు ఉంది. పేగు మెలిపడితే మూడు నెలల కిందట విశాఖలో హడావుడిగా ఆపరేషన్ చేశారు. పాడైన పెద్దపేగు ముక్క తీసేసి, పై కొసను పొట్ట ఎడమ పక్క బయటికి తెచ్చి దానికి సంచీ పెట్టి, కింద మలాశయాన్ని పైనుంచి మూసి లోపలే ఉంచారు. మోషన్ అంతా సంచీలోకే వస్తోంది. అయినా నెలన్నర నుంచి వెనక దొడ్డికి వస్తున్నట్టు అనిపిస్తోంది, తెల్లగా, ఒక్కోసారి పసుపుగా జిగురు దిగుతోంది. జ్వరం లేదు, నొప్పి లేదు, దుర్వాసన లేదు. ఊళ్ళో చూపిస్తే అమీబియాసిస్ అని రెండు కోర్సుల మందులు వాడించారు, తగ్గలేదు. లోపల కుట్లు విడిపోయాయని మీకు భయం. పెరుగు, పప్పు, పనసకాయ మానేశారు, కొట్టుకి వెళ్ళడం తగ్గించారు, భార్యకు చెప్పలేదు. పర్లాకిమిడిలో ఉన్న మీ పెద్దమ్మకు క్యాన్సర్ వల్ల మలాశయం తీసేసి మలద్వారమే కుట్టేశారు. ఆవిడకూ దొడ్డికి వస్తున్నట్టే ఉంటోందట. ఇంట్లోవాళ్ళు భ్రమ అంటున్నారట.

నేను బరంపురంలో సర్జరీ వార్డుల్లో 31 ఏళ్ళు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా అన్నయ్యకు అయింది కూడా అచ్చం మీ ఆపరేషనే. కాబట్టి వార్డులో చూసిందీ తెలుసు, ఇంట్లో చూసిందీ తెలుసు.

మీరు రాసిన లక్షణాల్లో కుట్లు విడిపోయినట్టు చెప్పేది ఒక్కటీ లేదు. ఆ జిగురు మ్యూకస్. పెద్దపేగు లోపలి పొర రోజంతా దాన్ని తయారు చేస్తూనే ఉంటుంది, మోషన్ జారడానికి, పొర ఒరుసుకుపోకుండా ఉండడానికి. ఆపరేషన్‌కి ముందు కూడా మీకు అది వచ్చేది, మోషన్‌తో కలిసిపోయి కనిపించేది కాదు. ఇప్పుడు మోషన్ దారి మళ్ళింది కానీ మలాశయానికి రక్తం అందుతోంది, నరాలు ఉన్నాయి, అది బతికే ఉంది. చేసిన జిగురు పైకి పోదు, పైన మూసేశారు. ఇక ఉన్న ఒక్క దారి వెనకే. మలాశయం కాస్త నిండగానే నరాలు ఎప్పటిలాగే మెదడుకు కబురు పంపుతాయి. లోపలున్నది మోషనా, జిగురా అని అవి తేడా చూడవు. అందుకే మీకు దొడ్డికి వస్తున్నట్టు ఉంటోంది. ఆ కబురు నిజమైనదే. దాన్ని బిగబట్టి ఆపకండి, వెళ్ళి కూర్చోండి.

ఎంత వస్తుంది, ఎన్నిసార్లు వస్తుంది అన్నది ఒక్కొక్కరికి ఒక్కో తీరు. కొందరికి రోజుకు రెండు మూడుసార్లు, కొందరికి వారానికోసారి, కొందరికి నెలల తరబడి ఏమీ ఉండదు. గుడ్డులో తెల్లసొనలా పల్చగా ఉండొచ్చు, చెట్టు జిగురులా సాగొచ్చు. లోపల ఎక్కువ రోజులు నిలిచిపోతే నీరు ఇంకిపోయి బూడిదరంగు ఉండ కడుతుంది. రాలిపోయిన పాత కణాలు కలిసి పసుపుగా, లేత గోధుమరంగుగా కనిపిస్తుంది. మీరు రాసిన పసుపు రంగు ఆ లెక్కలోదే. చీమైతే వాసన వేస్తుంది, దాంతోపాటు ఒళ్ళు వెచ్చబడుతుంది, పొత్తికడుపులో సలుపు ఉంటుంది.

మందుల సంగతికి వస్తాను. మన పక్క ఎవరైనా డాక్టరు దగ్గరికెళ్ళి "జిగట పోతోంది" అంటే జిగట విరేచనాలనే అనుకుంటారు. ఒడియాలో "ఝాడా" (విరేచనం) అన్న మాట కలిపి చెప్తే ఇక వేరే ఆలోచనే రాదు, మెట్రోనిడజోల్ రాసేస్తారు. చొక్కా కింద సంచీ ఉందని మీరు చెప్పారో లేదో నాకు తెలీదు, చాలామంది సిగ్గుపడి చెప్పరు. మోషన్ తగలని చోట వచ్చే జిగురుకి అమీబా మందు పనిచేయదు, నోరు చేదెక్కి ఆకలి చస్తుంది అంతే. ఈసారి ఎవరి దగ్గరికెళ్ళినా ముందు సంచీ చూపించి, "మోషన్ ఇందులోకి వస్తోంది, వెనక నుంచి మ్యూకస్ మాత్రమే వస్తోంది" అని ఈ రెండు ముక్కలూ చెప్పండి. డిశ్చార్జి కాగితం జిరాక్స్ జేబులో ఉంచుకోండి.

ఆ కాగితంలో ఆపరేషన్ పేరు దగ్గర ఏముందో చూడండి. మీరు చెప్పినదాన్ని బట్టి "హార్ట్‌మన్స్" అని ఉండాలి. ఆంరీ హార్ట్‌మన్ అనే ఫ్రెంచి సర్జన్ 1921లో చెప్పిన పద్ధతి అది. "లూప్" అని ఉంటే కథ కొంచెం వేరు. లూప్‌లో పేగును పూర్తిగా తెంచరు, వంపును పైకి లాగి తెరుస్తారు, కాబట్టి పై కొస నుంచి కొంత మోషన్ కింది కొసలోకి జారి వెనక నుంచి కూడా రావచ్చు. టైఫాయిడ్‌తో చిన్నపేగుకు చిల్లు పడినవాళ్ళకు మా వార్డులో ఇలాంటి లూప్ ఇలియోస్టమీలు, అంటే చిన్నపేగు వంపును పొట్ట మీదికి తెరిచి సంచీ పెట్టడం, చాలా చేసేవాళ్ళు. వాళ్ళకు ఎప్పుడైనా వెనక నుంచి గోధుమరంగుగా కాస్త వస్తే కంగారు పడక్కర్లేదు, సర్జన్‌కి చెబితే చాలు. మీలాగా పై కొస పూర్తిగా వేరు చేసినవాళ్ళకు మాత్రం వెనక నుంచి అసలు మోషన్ రాకూడదు. వస్తే అదే రోజు ఫోన్ చేయాలి.

తిండి విషయం తేలిగ్గా తేలిపోతుంది. మీరు తిన్నది ఏదీ మలాశయం దాకా చేరడం లేదు, సంచీ దగ్గరే బయటికి వచ్చేస్తోంది. పెరుగు చలవ చేసి జిగురు పెరుగుతుందనడం మీ విషయంలో కుదరదు. పెరుగన్నం తినండి, పప్పు తినండి, ఎండాకాలం పఖాళ (నీళ్ళు పోసిన చద్దన్నం) తాగే అలవాటుంటే అదీ తాగండి. మూడు నెలలుగా చప్పిడి తిని మీరు నీరసపడితే రేపు పేగు మళ్ళీ కలిపే ఆపరేషన్‌కి ఒంట్లో బలం ఉండదు. పనసకాయ ఒక్కటి మాత్రం కొంచెం కొంచెంగా, బాగా నమిలి తినండి. దాని పీచు సంచీ దగ్గర ఇబ్బంది పెట్టొచ్చు, జిగురుకు దానికీ సంబంధం లేదు.

ఇప్పుడు మీరు రోజూ చేయాల్సింది. పొద్దున్న కాఫీ తాగాక, జిగురు వస్తున్నట్టు అనిపించినా అనిపించకపోయినా, ఒకసారి కమోడ్ మీద కూర్చోండి. ఇంట్లో ఇండియన్ లెట్రిన్ ఒక్కటే ఉంటే మందుల షాపుల్లో దొరికే కమోడ్ కుర్చీ కొనుక్కోండి. కాళ్ళ కింద చిన్న పీట వేసి, కాస్త ముందుకు వంగి, పొట్ట వదులుగా వదిలి నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. ఐదు నిమిషాలు, మహా అయితే పది. కొద్దిగా కిందికి నెట్టొచ్చు, ముక్కకూడదు. ముక్కితే సంచీ చుట్టూ హెర్నియా రావడానికి దారి ఇచ్చినవాళ్ళవుతారు. రాకపోతే లేచి వచ్చేయండి. రోజూ ఒకే వేళకు ఇలా దిగిపోతే కొట్లో కూర్చున్నప్పుడు లుంగీ తడవడం చాలా వరకు తగ్గుతుంది.

దాంతోపాటు ఒక కసరత్తు. నలుగురిలో ఉండగా గాలి వస్తే ఎలా బిగిస్తారో అలా వెనక కండరాన్ని బిగించి ఐదు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచి, అంతసేపూ వదిలేయండి. పదిసార్లు, రోజుకు మూడు విడతలు. తొడలు, పిరుదులు కదలకూడదు, ఊపిరి ఆపకూడదు. మూడు నెలలుగా ఆ కండరానికి పని లేదు, బద్ధకించింది. కారడం తగ్గడం ఇప్పటి లాభం. రేపు పేగు కలిపాక మోషన్ ఆపుకోగలగడం అసలు లాభం.

చర్మం కోసం నీళ్ళతో కడిగి, మెత్తటి పాత పంచె ముక్కతో అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీము పల్చగా రాయండి. డెట్టాల్ నీళ్ళు, పౌడరు వద్దు. లోపల చిన్న ప్యాడ్ పెట్టుకోండి, ఆడవాళ్ళు వాడే శానిటరీ ప్యాడ్ అయినా సరిపోతుంది. తడిసిన వెంటనే మార్చండి.

జిగురు రావడం కంటే రాకుండా లోపలే ఉండలు కట్టడం ఎక్కువ బాధ పెడుతుంది. మా అన్నయ్యకు ఆపరేషన్ అయ్యాక తొమ్మిది వారాలు వెనక నుంచి ఏమీ రాలేదు. వాడు సంతోషపడ్డాడు, నేనూ పట్టించుకోలేదు. నర్సునై ఉండి అడగకపోవడం నా తప్పు. ఒకరోజు కింద రాయి పెట్టినట్టు బరువుగా ఉందన్నాడు. సాయంత్రానికి కూర్చోలేకపోయాడు. ఆపరేషన్ చేసిన సర్జన్‌కి ఫోన్ చేసి, ఆయన సరేనన్నాక గ్లిజరిన్ సపోజిటరీ (వెనక నుంచి లోపలికి పెట్టే మందు బిళ్ళ) ఒకటి పెట్టాం. రాత్రి ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున్న ముప్పావుగంట బాత్రూంలోనే ఉండి, తలుపు తీసి పాలిపోయిన మొహంతో "పేగు ముక్క ఊడిపోయిందే" అన్నాడు. వెళ్ళి చూశాను. కుంకుడుకాయంత ఉండ, బూడిద కలిసిన తెలుపు, పైన నున్నగా మైనంలా మెరుస్తోంది, ఒక పక్క సన్నటి రక్తపు చార. టిష్యూలోకి తీసుకుని వాడి ఎదురుగానే వేళ్ళతో నొక్కాను. చపాతీ పిండిలా అణిగి విడిపోయింది. "పేగైతే ఇలా నలుగుతుందా అన్నయ్యా, ఇది తొమ్మిది వారాల జిగురు" అన్నాను. ఆ పూట వాడు కడుపునిండా తిన్నాడు. అప్పటి నుంచి వచ్చినా రాకపోయినా రోజూ కూర్చునేవాడు, మళ్ళీ ఉండ కట్టలేదు.

సపోజిటరీ పేరు చెప్పాను కదా అని మీరే కొని పెట్టేసుకోకండి. మీ సర్జన్ ఒప్పుకుంటేనే. ముఖ్యంగా కింద మలాశయం దగ్గర కొత్తగా అతుకు వేసి, అది మానేదాకా రక్షణగా పైన లూప్ పెట్టినవాళ్ళు ఇది చదువుతుంటే, సర్జన్ చెప్పకుండా వెనక సపోజిటరీ గానీ ఎనిమా గానీ వేలు గానీ ఏదీ పెట్టకూడదు. పచ్చి అతుకు చిరిగిపోతుంది.

కొన్ని నెలలు గడిచాక జిగురుతో రక్తపు చారలు, మాటిమాటికీ దొడ్డికి వస్తున్నట్టు అనిపించడం, కింద మంట మొదలైతే దానికి ఒక పేరుంది. గ్లోట్జర్ అనే అమెరికన్ సర్జన్, ఆయన సహచరులు 1981లో దానికి డైవర్షన్ కొలైటిస్ అని పేరు పెట్టారు. పెద్దపేగు పొరకు తిండి చాలా మటుకు రక్తం నుంచి అందదు. మనం తిన్న పీచును లోపలి బాక్టీరియా పులియబెడితే బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లం పుడుతుంది, ఆ కణాలకు ముఖ్యమైన ఆహారం అదే. మోషన్ రావడం మానేస్తే ఆ ఆహారమూ ఆగిపోతుంది, పొర వాచి తేలిగ్గా రక్తం చిందుతుంది. కెమెరాతో చూస్తే ఈ వాపు చాలామందిలో కనిపిస్తుంది, బాధ పడేవాళ్ళు మాత్రం తక్కువే. ఆ ఆమ్లాలనే వెనక నుంచి ఎనిమాగా ఇస్తే పొర కోలుకుంటుందని 1989లో ప్రచురించారు. ఇప్పుడు డాక్టర్లు మనిషిని బట్టి అలాంటి ఎనిమాలో, వాపు తగ్గించే స్టెరాయిడ్ లేదా మెసలమైన్ మందులో ఇస్తారు. పేగు మళ్ళీ కలిపితే, అంటే మోషన్ మళ్ళీ ఆ దారిన వస్తే, మామూలుగా దానంతట అదే మానిపోతుంది. ఇప్పుడు మీకు ఆ లక్షణాలు లేవు. తర్వాత ఎప్పుడైనా రక్తపు చార కనబడితే క్యాన్సరేమో అని రాత్రంతా మేలుకోకుండా, తెల్లారి వెళ్ళి చూపించుకుంటారని ఇదంతా చెప్పాను.

ఆగకుండా వెళ్ళాల్సినవి ఇవి. చారలు దాటి ఎర్రటి రక్తం ధారగా, గడ్డలుగా రావడం. కుళ్ళు వాసనతో చీము, చలిజ్వరం, పొత్తికడుపు నొప్పి. మూత్రం బిగబట్టుకుపోవడం. కింద బరువు రెండు రోజులకు మించి తగ్గకుండా కూర్చోలేకపోవడం. ఆడవాళ్ళకైతే యోనిలోంచి మోషన్ లేదా గాలి రావడం. వీటిలో ఏది కనిపించినా ఊళ్ళో మందులతో పొద్దు గడపకుండా, ఆపరేషన్ చేసినచోటికి గానీ దగ్గర్లో సర్జన్ ఉన్న ఆస్పత్రికి గానీ వెళ్ళిపోండి.

మీ పెద్దమ్మ గారి సంగతి. ఆవిడ కాగితం మీద "ఏపీఆర్" అని ఉంటుంది. మైల్స్ అనే ఇంగ్లిష్ సర్జన్ 1908లో చెప్పిన ఆపరేషన్ అది, మలాశయం, మలద్వారం రెండూ తీసేస్తారు. కాబట్టి ఆవిడకు జిగురు చేసే పొర లేదు, అయినా దొడ్డికి వస్తున్నట్టు ఉంటుంది. కాలు తీసేసినవాళ్ళకు లేని వేలు దురద పెడుతుందంటే ఇప్పుడు అందరూ నమ్ముతున్నారు. ఇదీ అలాంటిదే. మలాశయం నుంచి కబురు మోసిన నరాల తెగిన కొసలు, ఆ కబురు అందుకునే మెదడు భాగం రెండూ ఇంకా అలాగే ఉన్నాయి. దీన్ని ఫాంటమ్ రెక్టమ్ అంటారు. ఈ ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామందికి ఉంటుంది. కొందరికి గాలి పోతున్నట్టు, కొందరికి మోషన్ అడ్డం పడినట్టు, కొందరికి సూదులు గుచ్చినట్టు ఉంటుంది. ఎక్కువమందికి నెలలు గడిచేకొద్దీ సన్నగిల్లుతుంది, కొందరికి ఏళ్ళ తరబడి అప్పుడప్పుడూ పలకరిస్తుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే ఆపరేషన్ అయిన ఒక ముసలాయన రాత్రి రెండు గంటలప్పుడు మంచం దిగబోతుంటే ఆపాను. బాత్రూంకి వెళ్ళాలన్నాడు. "తాతా, అక్కడేమీ లేదు, కుట్టేశారు, పడుకో" అన్నాను. "లేదని నాకూ తెలుసమ్మా, అయినా వస్తోంది" అన్నాడు. తెల్లారేదాకా గోడ వైపు తిరిగి పడుకున్నాడు, ఎవరితోనూ మాట్లాడలేదు. పది నిమిషాలు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టి ఉంటే సరిపోయేది. అది నాకు తర్వాత వార్డుకి వచ్చిన ఒక సర్జన్ చెప్పేదాకా తెలీదు. ఆ తాతకు క్షమాపణ చెప్పుకునే వీలు నాకు దొరకలేదు. అందుకే మీ ఇంట్లోవాళ్ళతో గట్టిగా చెప్తున్నాను, పెద్దమ్మ గారితో భ్రమ అన్న మాట అనకండి.

ఆవిడకు అలా అనిపించినప్పుడు నిజంగానే తీసుకెళ్ళి కమోడ్ మీద కూర్చోబెట్టండి. ముందుకు వంగి, మోషన్ అయిపోతున్నట్టు మనసులో అనుకుంటూ ఊపిరి వదలమనండి. కాసేపు కూర్చుని లేస్తే ఆ ఒత్తిడి తీరిపోయిందని చెప్పినవాళ్ళను చాలామందిని చూశాను. ఒకేచోట గంటలకొద్దీ కూర్చోవద్దు, మధ్యమధ్యలో లేచి నడవాలి. కూర్చోవడానికి మెత్తటి దూది దిండు మంచిది. మధ్యలో చిల్లున్న గాలి రింగు కొనకండి, అది కుట్టు దగ్గర చర్మాన్ని రెండు పక్కలకూ లాగుతుంది. రాత్రి నిద్ర పట్టనంత బాధ ఉంటే డాక్టరుకి చెప్పాలి. నరాల నొప్పికి ఎమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ లాంటివి చిన్న మోతాదుతో మొదలుపెడతారు. మామూలు నొప్పి బిళ్ళ దీనికి పెద్దగా పనిచేయదు.

ఒక జాగ్రత్త మాత్రం గుర్తుంచుకోండి. ఆవిడకు ఇది మొదటి నుంచీ ఉండి, తగ్గుతూ వస్తోందంటే ఫర్వాలేదు. నెలల తరబడి హాయిగా ఉండి, హఠాత్తుగా కొత్త నొప్పి మొదలై రోజురోజుకీ పెరుగుతుంటే ఫాంటమ్ అని సరిపెట్టుకోకూడదు. కింద క్యాన్సర్ తిరగబెట్టిందేమో స్కాన్ చేసి చూడాలి. కుట్టిన చోటు నుంచి నీళ్ళలా ఊరడం కూడా కొన్ని వారాలు, రేడియేషన్ తీసుకున్నవాళ్ళకు నెలలు కూడా ఉండొచ్చు. వాసన వేస్తేనో, ఎక్కువైతేనో చూపించాలి.

మళ్ళీ మీ దగ్గరికి వస్తాను. పేగు కలిపే విషయం మీ సర్జన్‌ని అడగండి. హార్ట్‌మన్ తర్వాత కొన్ని నెలలు ఆగి, లోపలి వాపులు తగ్గాక చేస్తారు. ముందుగా వెనక నుంచి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి గానీ కెమెరాతో గానీ మలాశయాన్ని చూస్తారు. ఈ జిగురు రావడం ఆపరేషన్‌కి అడ్డం కాదు. ఒకవేళ కలపకుండా ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోవాల్సి వస్తే, ఉన్న మలాశయాన్ని ఎన్నాళ్ళకోసారి పరీక్ష చేయించుకోవాలో అడిగి కాగితం మీద రాయించుకోండి. సంచీ అలవాటయ్యాక లోపల మలాశయం ఉందన్న సంగతే మర్చిపోతారు చాలామంది.

మీ భార్యకు ఈ వారంలోనే చెప్పండి. తడిసిన లుంగీలు మీరే రాత్రిపూట ఉతుక్కుంటున్నారని రాశారు. ఆవిడకు తెలియకుండా ఉంటుందా తమ్ముడూ? ఏదో దాస్తున్నారని ఆవిడ వేరే భయాలు పెట్టుకుని ఉంటుంది. అంతా ఒకేసారి చెప్పడానికి నోరు రాకపోతే ఈ సమాధానం ఫోన్‌లో చూపించండి.

వచ్చే నెల సింహాచలం వెళ్ళాలా మానాలా అని అడిగారు. వెళ్ళండి. బయల్దేరే రోజు పొద్దున్న కమోడ్ మీద కూర్చునే పది నిమిషాలు మాత్రం మానకండి. గుణుపురం లైనులో నౌపడా దాకా రైలు నిదానంగా పోతుంది, బాత్రూంకి దగ్గర సీటు చూసుకోండి. సంచీ సామాన్లతోపాటు రెండు ప్యాడ్లు, ఒక లుంగీ, నీళ్ళ సీసా, జింక్ క్రీము, వాడిన ప్యాడ్ వేసుకోవడానికి ఒక కవరు పెట్టుకోండి. దర్శనం లైనులో నిలబడినప్పుడు దొడ్డికి వస్తున్నట్టు అనిపిస్తే ఆ బిగించే కసరత్తు చేసి ఊపిరి వదలండి, చాలాసార్లు ఆ కెరటం ఒకటి రెండు నిమిషాల్లో దాటిపోతుంది. దాటకపోతే లైను వదిలేసి వెళ్ళి కూర్చోండి, మీ వాళ్ళను లైన్లోనే ఉండమనండి.